సీసాలల్లుడు మా వీధిలో ఆగిన రోజు

మా బావ ఉద్యోగం ఓడిపోవడం అని మా నాన్న అందరికీ చెప్పేవాడు. మాట దురుసుగా ఉన్నా అందులో అబద్ధం లేదు. సైకిలు పందేలే బతుకుతెరువుగా పెట్టుకున్న మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా ఏటేటా జీతమిచ్చి మరీ అతన్ని పందేనికి తీసుకెళ్ళేవారు. ఓడిపోయేవాడికి జీతం ఎందుకిస్తారన్నది నాకు మొదటినుంచీ పెద్ద వింత. ఏదైనా వింతగా తోచిందంటే దాని అంతు చూసేదాకా నాకు తోచదు. అక్క దీన్ని రోగం అంటుంది.

మాది కళ్ళద్దాల షాపు. కింద షాపు, పైన ఇల్లు. అమ్మ పోయినప్పటినుంచీ ఇంట్లో నాన్న, అక్క, నేను. నాన్న ముందు గదిలో కళ్ళు పరీక్ష చేస్తాడు. నేను వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. అక్క మాత్రం ఈ గాజుపొడి తన వంటికి పడదని చెప్పి డ్రైవింగ్ స్కూల్లో ఉద్యోగంలో చేరింది. కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు వెయ్యాల్సిన బ్రేకు తను వేస్తూ ఉంటుంది. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

బావ ఆ స్కూలుకే వచ్చాడు. కొండ మలుపుల్లో కార్లకంటే వేగంగా సైకిలు దింపే మనిషికి కారు నడపడం రాదు. మొదటిరోజే స్కూలు గేటును గుద్దాడు. "బ్రేకు ఎక్కడుందో చూపించా. అదెందుకుందో కూడా చెప్పాల్సొచ్చింది" అని అక్క ఆ సాయంత్రం నాతో చెప్పి పడీపడీ నవ్వింది. అతను బ్రేకు వెయ్యబోయే ముందు ఎడమ భుజం కొంచెం కిందికి జారుతుందట. అది జారకపోతే తనే కాలు నొక్కేస్తుందట. పాఠం నేర్చుకోవడానికి వచ్చినవాడి భుజాన్ని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోందో నాకు వెంటనే అర్థమైంది. నాన్నకు అర్థం కావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది.

పెళ్ళి మాటలకు వచ్చిన రోజు నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"పోయినసారి పందెంలో నువ్వెన్నోవాడివి బాబూ?"

"వంద దాటి ఉంటుందండీ. సరిగా చూసుకోలేదు."

"ఎంతమందిలో?"

"నూట యాభై మందిదాకా మిగిలారండీ."

నాన్న కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అతన్ని ఇంకోసారి చూశాడు. మనిషి మారలేదు. ఎండకు మాడిన మొహం, చొక్కా చేతుల దగ్గర గీత గీసినట్టు రెండు రంగుల ఒళ్ళు, కుర్చీలో కూర్చున్నా ఆగకుండా ఊగే మోకాళ్ళు. అక్క పట్టుబట్టింది, పెళ్ళయింది. బావ ఏడాదిలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు కనుక అక్క మాతోనే పై అంతస్తులో ఉండిపోయింది.

నా వింత సంగతి నేను మర్చిపోలేదు. అతను తీరిగ్గా దొరికిన ఒక మధ్యాహ్నం షాపు కౌంటరు దగ్గర పట్టుకున్నాను.

"ఓడిపోవడానికి జీతమేంటి బావా?"

బావ నవ్వి, కౌంటరు మీదున్న కళ్ళద్దాల పెట్టెలు వరసగా పేర్చాడు. "ఇదిగో మరదలా, ఈ ఎర్ర పెట్టె మా నాయకుడు. గెలవాల్సింది వాడొక్కడే. ఈ మిగతా పెట్టెలన్నీ మేం. ఎదురుగాలి కొడితే ముందున్నవాడికే దెబ్బ, వెనకున్నవాడికి హాయి. అందుకని మేం ముందుంటాం. వాడికి దాహమేసిందనుకో, నేను వెనకబడి మా కారు దగ్గరికెళ్ళి, సీసాలన్నీ చొక్కాలో దోపుకుని, మళ్ళీ గుంపంతా దాటుకుంటూ వాడిదాకా వస్తా. వాడి చక్రంలో గాలి పోతే నా చక్రం విప్పిచ్చేస్తా."

"మరి నువ్వో?"

"నేను రోడ్డు పక్కన నిలబడతా. కారొచ్చి ఇంకో చక్రం ఇచ్చేదాకా."

ఇలా ఒక పూట కాదు, మూడు వారాలు. రోజూ ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊరు చేరతారు. ప్రతిరోజూ పట్టిన సమయాన్ని కూడుకుంటూ పోతే, చివరికి అందరికంటే తక్కువ వచ్చినవాడు విజేత. ఏ రోజు పందెం ఆ రోజు ముందుగా చేరినవాడికి కూడా పేరే. సీసాలు మోసినవాడి పేరు మాత్రం ఎక్కడా రాయరు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన ఈ సంగతి విని మా బావకు సీసాలల్లుడని పేరు పెట్టాడు. అది వీధి మొత్తానికీ పాకింది.

నాన్న పైకి ఎంత దెప్పినా, పెళ్ళయిన ఏడాదే షాపులో టీవీ బిగించాడు. పందెం జరిగే రోజుల్లో కొత్త అద్దాలు పెట్టుకున్న వాళ్ళకు అక్షరాల చార్టు చూపించడం మానేశాడు. "ఆ గుంపులో నారింజరంగు చొక్కాలున్నాయా? అందులో వెనకనుంచి రెండోవాడు, వీపు ఉబ్బెత్తుగా ఉన్నవాడు, కనిపిస్తున్నాడా?" అని అడిగేవాడు. కనిపిస్తున్నాడంటే అద్దాలు కుదిరినట్టు. ఉబ్బెత్తు వీపు మా బావది, చొక్కా నిండా సీసాలు. అల్లుడు ఒక్కరోజైనా అందరికంటే ముందు కనిపించాలని నాన్న కోరిక. దాన్ని నోరు తెరిచి చెప్పేరకం కాదు ఆయన.

అలా కొన్నేళ్ళు గడిచాక అసలు కథ మొదలైంది. బావకు వయసు మీద పడుతోంది. వచ్చే ఏడాది ఉంచుకుంటారో లేదో జట్టు మేనేజరు తేల్చి చెప్పడం లేదు. "సీసాలు మోసేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఒక్కసారైనా టీవీలో ముందు కనిపించు, అప్పుడు మాట్లాడదాం" అన్నాడట. బావకు చేతనైన పని ఇదొక్కటే. ఇది పోతే ఇంకేం చెయ్యాలో అతనికీ తెలీదు, అక్కకూ తెలీదు. సరిగ్గా ఆ ఏడాదే పందెం దారి మా వీధిలోంచి పడింది. వంతెన దాటి పక్క ఊరికి వెళ్తే ఆ రోజు గమ్యం.

పందెం మొదలైన రెండోవారంలో అక్క నన్ను వెనక గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. ముఖ్యంగా నాన్నకి."

"వేశా. చెప్పు."

"మన వీధిలో ఆయన ఆగుతాడు."

నేను అరగదీసే మిషను ఆపేశాను. అక్క చెప్పింది విన్నకొద్దీ నాకు తమాషాగా అనిపించింది. ఆ గుంపులో ఒక మర్యాద ఉందట. దారి ఎవరి ఇంటి ముందు నుంచైనా పోతుంటే, అతను వెళ్ళి గుంపులో పెద్దాయనను అడుగుతాడు. పెద్దాయనంటే అధికారి కాదు, అందరికంటే ఎక్కువ ఏళ్ళు తొక్కి, అందరి జట్లవాళ్ళూ మాట వినే మనిషి. ఆయన సరేనంటే గుంపు మొత్తం కాస్త నెమ్మదిస్తుంది. అడిగినవాడు ముందుకెళ్ళి, ఇంటి దగ్గర దిగి, తనవాళ్ళను పలకరించి, గుంపు వచ్చాక మళ్ళీ అందులో కలిసిపోతాడు. ఇది ఏ నిబంధనల్లోనూ లేదు. నోటిమాట మీద నడుస్తుంది.

"బాగుందే. మరి వాళ్ళు దారిచ్చాక వీడు ఆగకుండా పోతే?" అన్నాను.

"ఎవరూ అలా పోలేదట."

"పోతేనో?"

"నీకు మంచి ప్రశ్న ఒక్కటీ తట్టదా?" అంది అక్క. నాన్నకు ఎందుకు చెప్పకూడదంటే, పెద్దాయన ఒప్పుకోకపోతే నాన్న చిన్నబుచ్చుకుంటాడు, ఒప్పుకుంటాడని ముందే తెలిస్తే వీధిలో డప్పు కొట్టేస్తాడు. రెండూ నిజమే.

ఆ రోజు వీధికి రెండువైపులా తాళ్ళు కట్టారు. షాపుల వాళ్ళందరూ కుర్చీలు బయటికి తెచ్చుకున్నారు. నాన్న కళ్ళు పరీక్ష చేసే ఎత్తు కుర్చీని గుమ్మంలోకి ఈడ్చుకొచ్చి దాని మీద కూర్చున్నాడు. టీవీని వీధివైపు తిప్పాడు. అక్క తడి తువ్వాలు పట్టుకుని మా గుమ్మానికి ఎదురుగా తాడు దగ్గర నిలబడింది. నేను తన వెనకే ఉన్నాను.

ఉన్నట్టుండి టీవీలో గుంపులోంచి ఒక నారింజరంగు చొక్కా విడిపడింది. వీపు మీద ఉబ్బు లేదు. ఆ రోజు సీసాలన్నీ ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. ఒక్కడే ముందు, వెనక ఖాళీ రోడ్డు, ఎక్కడో దూరంగా గుంపు. టీవీలో మనిషి ఏదో వివరిస్తూనే ఉన్నాడు గానీ ఆ గోలలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

"మా అల్లుడు" అన్నాడు నాన్న, కుర్చీ మీంచి లేచి. ఆ మాట సీసాలు తగిలించకుండా అనడం అదే మొదటిసారి.

మందుల షాపాయన ఈలలు వేశాడు. వీధి వీధంతా ఊగిపోయింది. నేను ఒట్టు గట్టున పెట్టి నాన్న చెవిలో అరిచాను. "నాన్నా, గెలవడం కాదు. వాళ్ళే పంపారు. ఇక్కడ ఆగాలి."

"పంపితే పంపారు. ముందున్నాడా లేదా?" అన్నాడు నాన్న. ఆయన కళ్ళు టీవీ మీంచి కదల్లేదు. ఆ గుంపు కావాలనే నెమ్మదించిందని ఆ వీధిలో ఎవరికీ తెలీదు. తెలిసినా వినే స్థితిలో లేరు.

ముందు కెమెరా మోటారుసైకిలు మలుపు తిరిగింది. దాని వెనక బావ. "ఆగకు, పో, పో" అని జనం. తాళ్ళు దాటి చేతులు ఊపుతున్నారు. నాన్న అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. బావ మొహం నాకు బాగానే కనిపించింది. అది ఇంటికొస్తున్న మనిషి మొహంలా లేదు. చూపు మా గుమ్మం మీద లేదు, మమ్మల్ని దాటి వంతెన వైపు ఉంది.

అప్పుడు అక్క తాడు కిందనుంచి దూరి రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

సైకిలు వెనక చక్రం అటూ ఇటూ కొట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బావ ఒక కాలు నేల మీద ఆనించి ఉన్నాడు, అక్క హ్యాండిలు పట్టుకుని ఉంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం లేదు. అక్క ఏదో ఒక్క మాట అంది. తువ్వాలుతో అతని మొహం తుడిచింది. వీధంతా నోరెళ్ళబెట్టింది.

గుంపు వచ్చింది. అన్ని సైకిళ్ళు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. గొలుసుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందున్న నెరిసిన గడ్డం మనిషి, పెద్దాయన అతనే అనుకుంటాను, అక్కవైపు చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టినట్టు ఊపాడు. గుంపు మధ్యలో ఒక సందు ఇచ్చింది. బావ అందులోకి దూరాడు. అంతే, వెళ్ళిపోయారు. ఆ రోజు ఎవరో గెలిచారు. బావ ఎప్పటిలాగే తోకలో చేరాడు.

నాన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గెలిచేవాడికి అడ్డంపడ్డావు" అన్నాడు అక్కతో, వీధిలో అందరి ముందూ.

"అవును నాన్నా" అంది అక్క.

ఆ రోజునుంచి నాన్న అక్కతో మాట్లాడటం మానేశాడు. మందుల షాపాయన వచ్చినవాళ్ళందరికీ మొగుడి నోటికాడ కూడు తీసేసిన ఆడదిగా అక్క కథ చెప్పాడు. డ్రైవింగ్ స్కూల్లో కూడా ఎవరో వెటకారంగా అడిగారట. అక్క వచ్చేది, తినేది, పడుకునేది. కళ్ళల్లో ఒక్క చుక్క కూడా లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అక్క పడుతున్న మాటలన్నీ బావకు ఫోను చేసి చెప్పేశాను. నాన్నను పట్టుకుని గుంపులో మర్యాద సంగతంతా వివరించాను. వాళ్ళిచ్చిన దారిలో గెలిస్తే అది గెలుపు కాదని, బావ ఎలాగూ ఆగి తీరాలని చెప్పాను.

నాన్న అంతా విని నెమ్మదిగా అన్నాడు. "అలా అయితే అతనే ఆగేవాడుగా. ఇదెందుకు అడ్డంపడింది?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఫోనులో ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. బావ ఎడమ భుజం కోసం చూశాను. జారలేదు. కానీ జారే సమయం ఇవ్వకుండానే అక్క రోడ్డు మీదికి వచ్చేసిందేమో. ఇంకాస్త ఆగి ఉంటే అతనే ఆగేవాడేమో. ఎంత పెద్దది చేసి చూసినా అక్కడికొచ్చి బొమ్మ అలుక్కుపోతోంది. చివరికి అక్కనే అడిగాను.

"బావ ఆగేవాడా, ఆగేవాడు కాదా?"

"ఆయనొస్తాడుగా, ఆయన్నే అడుగు" అంది అక్క. మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను.

పందెం ముగిసిన తర్వాతి ఆదివారం బావ ఇంటికొచ్చాడు. ఇంకా నల్లబడి, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాడు. మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. నాన్న తనే అల్లుడికి వడ్డించాడు. అక్క కంచంవైపు ఆయన కన్నెత్తి కూడా చూడలేదు.

"నీ తప్పేం లేదు బాబూ" అన్నాడు నాన్న. "నీకు రాక రాక ఒక అవకాశం వచ్చింది. మా అమ్మాయి తెలివితక్కువతనం వల్ల పోయింది. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. వచ్చే ఏడాది సంగతేమన్నారు?"

"తీసేశారు మామయ్యా."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. అక్కకు ఆ సంగతి ముందే తెలుసని దాని మొహం చూస్తే అర్థమైంది.

నేను అడగాల్సిన ప్రశ్న నాలుక చివరన ఉంది. కానీ ఇప్పుడు అడిగితే అతను ఏం చెప్తాడో నాకు తెలుసు. ఆగేవాణ్ణే, ఆవిడే తొందరపడింది అంటాడు. అలా అంటే అతని మర్యాద అతనికి దక్కుతుంది. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. అక్క కాదనదు. అందుకే నేను అడగలేదు. జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న మింగేశాను.

బావ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మామయ్యా, నేను ఆగేవాణ్ణి కాదు."

నాన్న తలెత్తి అతన్ని చూశాడు.

"మలుపు తిరిగేటప్పుడు చెవిలో పెట్టుకున్న రేడియోలో మేనేజరు చెప్తున్నాడు. ఆగకు, పో, వంతెన దాటితే చాలు, వచ్చే ఏడాది నీ ఉద్యోగం నా పూచీ అని. బయట మీరందరూ పొమ్మంటున్నారు. నాకూ పోవాలనిపించింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నేనే ముందు చేరాలనిపించింది. వాళ్ళకి మాటిచ్చి వచ్చా. ఆ మాట తప్పడానికి సిద్ధపడిపోయా. పోతున్నా. ఈమె అడ్డమొచ్చింది."

"ఏదో అందిగా అక్క" అన్నాను నేను. ఈసారి ఆపుకోలేకపోయాను.

"'వాళ్ళు వస్తున్నారు, చూడు' అంది. వెనక్కి చూశా. పెద్దాయన నా కోసం అందర్నీ ఆపుకుంటూ తీసుకొస్తున్నాడు. పక్క జట్టు కుర్రాళ్ళు ముందుకు పోదామని చూస్తుంటే అడ్డంగా చేతులు చాపి మరీ ఆపుతున్నాడు. నన్ను నమ్మి. నేను పోయుంటే ఆయనకి నా మొహం ఎలా చూపించేవాణ్ణి? ఇంత కాలం కలిసి తొక్కినవాళ్ళలో ఒక్కడు కూడా మళ్ళీ నాతో మాట్లాడేవాడు కాదు. ఉద్యోగం పోయింది, పోనీ. వచ్చేటప్పుడు ఒక్కొక్కడూ వచ్చి కావలించుకుని పంపాడు."

నాన్న అక్కవైపు తిరిగాడు.

"ఈ ముక్క ఆ రోజే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన్ని మీరేమనుకునేవాళ్ళు?" అంది అక్క.

"నన్నేమనుకున్నా పర్లేదు మామయ్యా" అన్నాడు బావ. "ఆమె మాట పడుతోందని మరదలు ఫోనులో చెప్పినప్పటినుంచీ నాకు ముద్ద దిగట్లేదు."

అన్నాళ్ళూ ఒక్క చుక్క రాల్చని అక్క అప్పుడు ఏడ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఎంగిలి చేత్తో అలాగే కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చింది. బావ ఏం చెయ్యాలో తెలీక దాని వీపు మీద చెయ్యి వేశాడు. నాకూ ఏడుపొచ్చింది.

నాన్న లేచి గిన్నె తీసుకుని బల్ల చుట్టూ తిరిగి అక్క దగ్గరికి వచ్చాడు. వడ్డించబోతే సగం బల్ల మీద పడింది.

"తినమ్మా" అన్నాడు. "చల్లారిపోతోంది."